శ్యాంబాబు గారి తలల లెక్క

పదిమంది ఒకచోట కనిపిస్తే శ్యాంబాబు గారు లెక్కపెట్టకుండా ఉండలేరు. కొందరికి గోళ్ళు కొరికే అలవాటుంటుంది, కొందరికి ముక్కుపొడుం. ఈయనకి తలలు లెక్కపెట్టే జబ్బు. పెళ్ళి కానివ్వండి, చావు కానివ్వండి, రేషన్ షాపు ముందు వరస కానివ్వండి, చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోతుంది. ఆ జేబులో బొటనవేలితో నొక్కే చిన్న స్టీలు మిషను ఒకటుంది. ఒక్కసారి నొక్కితే టిక్కుమంటుంది, అంకె ఒకటి పెరుగుతుంది. ఆరేళ్ళుగా ఆ టిక్కు టిక్కులు వింటున్నాను. నిద్రలో కూడా వినిపిస్తున్నాయంటే మా ఆవిడ లక్ష్మీదుర్గ డాక్టరుకి చూపించుకోమంది.

నా పేరు భానుప్రకాష్. మాది గిలకలదిండి. మా నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, బందరు కోనేరు సెంటర్ దగ్గర మేడ మీద గదిలో శ్యాంబాబు గారి వలలో పడ్డాను. మా పని జనం కిక్కిరిసే చోట వైఫై పెట్టడం. ఇంట్లో పెట్టే వైఫై కాదండీ. వెయ్యిమంది ఒకేసారి ఫోన్లు తీసి ఒకేసారి వేలు నొక్కితే, అందరికీ ఒకేసారి తెరుచుకోవాలి. ఆయన మా నాన్నకి స్నేహితుడు కాబట్టి నాకు మావయ్యగారు, వాళ్ళావిడ అన్నమ్మ గారు అత్తయ్యగారు. ఈ వరసలే లేకపోతే ఎప్పుడో దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి.

అత్తయ్యగారి బాధ నా బాధ కంటే పెద్దది. ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచి ప్రార్థన చేసుకుంటుంటే ఈయన ఒక కన్ను తెరిచే ఉంచుతారు. "తలలు వంచినప్పుడే లెక్క సుఖంగా తేలుతుందే" అంటారట. ఒకసారి పాస్టరు గారు ఒక్క నిమిషం మౌనంగా ఉందాం అన్నారు. ఆ మౌనంలో టిక్కు, టిక్కు, టిక్కు. అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లారు. ఈయన ఉలిక్కిపడి "అయ్యో, పోయింది, మళ్ళీ మొదట్నించీ!" అని పైకే అనేశారు. ఇంటికొచ్చాక అత్తయ్యగారు నా దగ్గర మొత్తుకున్నారు.

"ఊళ్ళో వాళ్ళ తలలన్నీ లెక్కపెడతాడు గానీ, షుగరు పెట్టుకుని తన నోట్లోకెళ్ళే గారెలు మాత్రం లెక్కపెట్టడు బాబూ! అడిగితే రెండంటాడు. ఎప్పుడడిగినా రెండే!"

ఇంకోసారి గుడివాడ నుంచి పామర్రు మీదుగా బస్సులో వస్తున్నాం. ఈయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి ఒక్కొక్కరినే చూస్తూ టిక్కు టిక్కు మొదలుపెట్టారు. కండక్టరు చూశాడు, మొహంలో రంగు మారింది. చెకింగు వాళ్ళనుకున్నాడు. గబగబా వెనక్కి వెళ్ళి, డోరు దగ్గర నించున్న ఇద్దరికీ టిక్కెట్లు కొట్టి, బియ్యం మూటకి లగేజీ కొట్టి, చెమటలు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"సార్, అరవై ఎనిమిదండి. కరెక్టేనాండి?"

"డెబ్భై ఒకటయ్యా."

"అమ్మ బాబోయ్! ఎక్కడండీ ఆ మూడు?"

"నువ్వూ, డ్రైవరూ, ఆవిడ వొళ్ళో పిల్లాడూ."

పామర్రు దాకా ఆ కండక్టరు మా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నేను మాత్రం ఈయనెవరో తెలియనట్టు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

ఈ జబ్బు మా వృత్తికి కొంత పనికొస్తుందనే ఒప్పుకుంటాను. జనంలో వైఫై పెట్టడానికి పెద్ద గొంతున్న బాక్సు ఒకటి పెడితే సరిపోదు. చిన్న గొంతున్నవి చాలా పెట్టాలి. ఒక్కొక్కటీ తన చుట్టూ ఉన్న ముప్పై, నలభై మందితోనే మెల్లగా మాట్లాడాలి. పక్క బాక్సు మాటకి అడ్డు రాకూడదు. అందుకే ఎంతమంది వస్తారో ముందే తెలియాలి. పైగా ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పనిచేసింది జనం నిండగానే చతికిలబడుతుంది. "మనిషంటే నీళ్ళ బస్తారా భానూ. సిగ్నల్ని తాగేస్తాడు" అంటారు మావయ్యగారు. ఎంత పెద్దమనిషి ఎదురొచ్చినా ఈయన కంటికి నీళ్ళ బస్తాయే.

నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. లెక్కంతా తేలాక, ఎవరూ కూర్చోని మూల ఒక బాక్సు ఎక్కువ పెట్టిస్తారు. ఫంక్షన్ హాల్లో అయితే వంటలు చేసే రేకుల పాక వెనక. చర్చి కూటాల్లో అయితే చెప్పులు విడిచే చోట. "ఎవరికండీ, చెప్పులకా?" అని అడిగితే "పెట్టరా" అంటారు. అంతే. అంతకు మించి ఆ మనిషి నోట ముత్యం రాలదు.

మొన్న వేసవిలో అవనిగడ్డ పని వచ్చింది. టీచరు పోస్టుల కోచింగంటే దివిసీమలో అవనిగడ్డే. నాలుగు జిల్లాల వాళ్ళు గదులు అద్దెకి తీసుకుని చదువుకుంటుంటారు. అక్కడ గోవర్ధనరావు గారి కోచింగ్ సెంటర్లో, పంట కాలవ గట్టు పక్కన, పెద్ద రేకుల షెడ్డు. ఆదివారం పది గంటలకి ఆయన గ్రాండ్ టెస్టు పెడుతున్నారు. ఫోన్లోనే రాయాలి. గదుల్లో కూర్చుని గుంపుగా కాపీలు కొట్టకుండా, షెడ్డు వైఫై మీద మాత్రమే తెరుచుకునేట్టు చేశారు. గేటు మీద బ్యానరు కట్టించారు. 'ఎవరైనా రాయవచ్చు. మొదటి యాభై మందికి స్పెషల్ బ్యాచ్‌లో ఉచిత సీటు.'

"వైఫై ఆగిందంటే నా పరువు కాలవలోనే. మీ పేరు దివిసీమలో మళ్ళీ వినపడదు" అన్నారు గోవర్ధనరావు గారు నాతో, నవ్వుతూనే. "మొత్తం ఆరొందల మందండి."

ఆ వారం మొదటి మూడు రోజులూ మావయ్యగారు గుడివాడలో వేరే పని మీదున్నారు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. ఈయన లేకుండా, టిక్కు టిక్కు లేకుండా పని చేసి చూపిద్దామని నాకు మహా ఉబలాటంగా ఉంది. తెల్లారి ఆరింటికి షెడ్డులోకి వెళ్తే మనుషుల్లేరు గానీ బెంచీల మీద సీట్లు ఆపుకున్నారు. కర్చీఫులు, తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు, ఒకచోట గొడుగు, ఒకచోట దువ్వెన. ఎంత సులువు! కదలవు, మెదలవు. హాయిగా లెక్కపెట్టుకున్నాను. నాలుగొందల పన్నెండు. ఆరొందలని గోవర్ధనరావు గారు గొప్పకి చెప్పుంటారులే అనుకుని, పధ్నాలుగు బాక్సులు బిగించేశాను.

గురువారం ట్రయలు. తొమ్మిదింటికి జనం వచ్చారు. ఒక్క తువ్వాలు తీసి ముగ్గురు కూర్చున్నారు. దువ్వెన తీసి నలుగురు కూర్చున్నారు. గదికొకడు తెల్లారే లేచొచ్చి గదిలో అందరికీ కలిపి ఒక్క కర్చీఫు వేసి పోతాడట! అందరూ ఒక్కసారి ఫోను నొక్కారు. మా పధ్నాలుగు బాక్సులూ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. షెడ్డంతా ఈలలు.

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి దిగారు మావయ్యగారు. గుమ్మంలో నించుని, టిక్కు టిక్కు, చివరి బెంచీ దాకా.

"వెయ్యి తొంభై ఆరు. నువ్వు దేన్ని లెక్కపెట్టావురా?"

"...కర్చీఫుల్ని."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. జేబులోంచి కర్చీఫు తీసి, మొహం తుడుచుకుని, దాన్ని నా ముందు పరిచి చూపించి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రానికల్లా బందరు గదిలో ఉన్న బాక్సులన్నీ తెప్పించాం, మా గది గోడకున్నదాంతో సహా. మొత్తం ముప్పై ఒకటి. శుక్రవారం మధ్యాహ్నం క్లాసుల్లేవు. ఖాళీ షెడ్డులో పరీక్షించడం ఈయనకి కుదరదు కదా. హాస్టల్ నుంచి రెండొందల మంచినీళ్ళ టిన్నులు తెప్పించి, బెంచీల మీద మనుషుల్లా వరసగా కూర్చోబెట్టించారు. మోసింది ఎవరనుకున్నారు? నేనూ, హాస్టల్లో వంట చేసే ధనమ్మ గారూ.

ధనమ్మ గారికి నలభై దాటాయి. టీచరు ట్రైనింగు ఎప్పుడో అయింది, పోస్టే రాలేదు. తెల్లారి మూడింటికి లేచి ఆడపిల్లల హాస్టల్లో టిఫిన్లు వండి, తొమ్మిదింటికి షెడ్డు వెనక కాలవ గట్టు మీద నించుని, కిటికీలోంచి పాఠాలు వింటుంది.

"ఈ టిన్నుకి డీఎస్సీ వచ్చిద్దంటారా సార్?" అంది నవ్వుతూ, ముందు బెంచీ మీద టిన్ను పెట్టి.

"నీకెందుకు రాలేదమ్మా?" అన్నారు మావయ్యగారు.

"రెండుసార్లు కొంచెంలో పోయిందండి. వచ్చే నోటిఫికేషన్‌కి వయసు దాటిపోద్ది. ఇదే ఆఖరు. ఆదివారం రాస్తానండి. సీటొస్తే లోపల కూర్చుంటా. కిటికీలోంచి బోర్డు సగమే కనపడుద్ది."

"నీ ఫోను ఏదమ్మా?"

నాకు తల పట్టుకోవాలనిపించింది. పాపం ఆవిడ తన గోడు చెప్పుకుంటుంటే ఈయనకి ఫోను గొడవ. ఆవిడ కొంగులోంచి అద్దం పగిలిన పాత ఫోను తీసింది. ఈయన అటూ ఇటూ తిప్పి చూసి, నాతో అన్నారు.

"ముప్పై షెడ్డు లోపల బిగించు. ముప్పై ఒకటోది వెనక గోడకి, బయట, కాలవ వైపు."

"కాలవ వైపా? లోపలే చాలీ చాలకుండా ఉంటే! గేదెలు రాస్తాయాండీ పరీక్ష?"

"బిగించరా."

బిగించాను. పళ్ళు కొరుక్కుంటూ బిగించాను. శనివారం షెడ్డు లోపల కొలిచి చూస్తే ఆడపిల్లల వైపు మూల కొంచెం బలహీనంగా ఉంది. కర్చీఫుల దెబ్బ ఇంకా మానలేదు. రేపు మళ్ళీ ఈలలు వేయించుకునే ఓపిక నాకు లేదు. మావయ్యగారు భోజనానికి వెళ్ళిన సమయం చూసి, వెనక గోడ బాక్సు పీకి, వైరు కోసి లోపలికి లాగి, ఆ మూల బిగించేశాను. చెప్పలేదు. చెబితే మళ్ళీ 'బిగించరా' అంటారని.

ఆదివారం వచ్చింది. మావయ్యగారు ఆ వారం చర్చికి రావట్లేదని తెలిసి పాస్టరు గారు ఊపిరి పీల్చుకున్నారని అత్తయ్యగారు ఫోన్లో చెప్పారు. తొమ్మిదింటికే షెడ్డు నిండిపోయింది. మావయ్యగారు టిక్కు టిక్కుమంటూ లోపలంతా తిరిగి, బయటికెళ్ళారు. నేను లాప్‌టాప్ ముందు గర్వంగా కూర్చున్నాను. తొమ్మిదీ నలభై రెండుకి తిరిగొచ్చి నా చెవి దగ్గర వంగారు.

"వెనక గోడ బాక్సు ఏదిరా?"

"లోపల పెట్టాను మావయ్యగారూ. ఇక్కడైతే పనికొస్తుందని..."

ఆయన నా రెక్క పట్టుకుని లేపి, చిన్నపిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు వెనక్కి తీసుకెళ్ళారు. కాలవ గట్టు మీద జనం. లోపల చోటు దొరకనివాళ్ళు, బ్యానరు చూసి వచ్చినవాళ్ళు. కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసే కోటయ్య అట, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. చంకలో పిల్లతో ఒకావిడ. అందరికీ ముందు, కిటికీ చువ్వలకి ఆనుకుని, ముంజేతుల దాకా పిండితో ధనమ్మ గారు. ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పుతోంది.

"బాబూ, నిన్న పొద్దున్న చూసుకుంటే ఇక్కడ బాగా వచ్చింది. ఇయ్యాల రావట్లేదేంటి బాబూ?"

వంటగదిలో పని వదిలి, ఎక్కడ నించోవాలో ముందు రోజే చూసి పెట్టుకుని వచ్చిన మనిషి. ఆఖరు అవకాశం అని ఆవిడ నా ముందే చెప్పింది. చెబుతుంటే నా చేతిలో టిన్నుంది, మనసు బాక్సుల మీదుంది. సిగ్గేసింది.

"లోపల మొన్నటి వెయ్యి తొంభై ఆరే. ఇక్కడ నలభై ఏడు మంది. పదికి పరీక్ష" అన్నారు మావయ్యగారు. "నిచ్చెన తే."

పరిగెత్తాను. మూలనున్న బాక్సు ఊడదీస్తుంటే గోవర్ధనరావు గారు లబోదిబోమంటూ వచ్చారు.

"ఏంటండీ ఇది! ఈ నిమిషంలో పీకుతారా! బయటివాళ్ళతో మనకేంటండీ?"

"మీ బ్యానరు మీద ఏం రాయించారండీ?" అన్నారు మావయ్యగారు.

"ఎవరైనా రాయవచ్చనండి."

"వీళ్ళు 'ఎవరైనా'లోకే వస్తారు. తప్పుకోండి, నీళ్ళ బస్తాలా అడ్డం నించోకండి."

గోవర్ధనరావు గారిని అంతమాట అన్నవాళ్ళు దివిసీమలో అప్పటిదాకా లేరనుకుంటాను. ఆయన నిజంగానే తప్పుకున్నారు.

కానీ వైరు చాలలేదు. కోసింది నేనే కదా! కిటికీ దాకా వచ్చి ఆగిపోయింది. తొమ్మిదీ యాభై. మావయ్యగారు కిటికీ వైపూ, జనం వైపూ, మూల బెంచీల వైపూ చూశారు.

"కిటికీలోనే కట్టు. అటు సగం, ఇటు సగం. చువ్వలకి కట్టేయ్."

చువ్వలకి ప్లాస్టిక్ తాళ్ళతో కట్టాను. ఇప్పుడు దానికి అటూ ఇటూ మనుషులే అడ్డం. ఈయన బయటికెళ్ళి చేతులు చాపి కేకలు మొదలుపెట్టారు. "కూర్చోండమ్మా, అందరూ కూర్చోండి! గట్టు వాలు మీద వరసలు వరసలుగా! బాబూ కోటయ్యా, నువ్వు పొడుగు, వెనక్కి పో! అమ్మా, పిల్లని వొళ్ళోకి దించు, పిల్ల కూడా నీళ్ళే!" శుక్రవారం టిన్నుల్ని సర్దినట్టే నలభై ఏడు మందినీ సర్దారు. లోపల కిటికీ పక్కనున్న ఆడపిల్లలు కూడా బెంచీలు జరిపి దారిచ్చారు. "మా ధనమ్మక్క కోసం జరగండే" అని వాళ్ళలో ఒకమ్మాయి అరవడం విన్నాను.

పది కొట్టింది. అందరూ ఒక్కసారి నొక్కారు. నేను లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తబోతే మావయ్యగారు చొక్కా పట్టుకుని ఆపారు. ఆయన చూస్తున్నది ధనమ్మ గారి ఫోను. పగిలిన అద్దం కింద చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది. ఆవిడ పెదవులు కదుల్తున్నాయి. చక్రం ఆగి, మొదటి ప్రశ్న వచ్చింది. ఆవిడ వేలు చీరకి తుడుచుకుని, మా వైపు చూడకుండానే రాయడం మొదలుపెట్టింది. లోపల ఈలల్లేవు, ఫ్యాన్ల చప్పుడే.

నేను గట్టు మీద కూలబడ్డాను. "మావయ్యగారూ, వంటపాక వెనకా, చెప్పుల దగ్గరా పెట్టించేవి కూడా ఇందుకేనా?"

ఆయనకి ఇలాంటి మాటలంటే చిరాకు. మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఎక్కడికెళ్ళినా మనకిచ్చేది కుర్చీల లెక్కరా. నించున్నవాళ్ళు అందులో ఉండరు. అందుకే నేను తలలు చూస్తా. ఇంక నోరు ముయ్యి, వాళ్ళు రాసుకుంటున్నారు."

ఆరేళ్ళు ఆ టిక్కు టిక్కుల్ని తిట్టుకున్నందుకు ఆయనకి క్షమాపణ చెబుదామనుకున్నాను. అంతలో గట్టు మీద పోతున్న గేదెల మందని చూసి ఆయన చెయ్యి జేబులోకి పోయింది. మానుకున్నాను.

బుధవారం గోవర్ధనరావు గారు ఫోను చేశారు. మావయ్యగారు స్పీకరు పెట్టారు.

"శ్యాంబాబు గారూ, ముప్పై ఎనిమిదో ర్యాంకు ఎవరో ధనమ్మ అంటండి. మా రిజిస్టర్లో ఆ పేరే లేదు. మీ వైఫైలో ఏమన్నా తేడా జరిగిందాండి?"

"మీ పిల్లలకి రోజూ ఇడ్లీ పెట్టే ఆవిడండి. మీ రిజిస్టర్లో లేదేమో, నా లెక్కలో ఉంది. వెయ్యి తొంభై ఏడో తల."

అవతల రిజిస్టరు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత "సరేనండి, సీటు రాయిస్తాను" అన్న మాట వినపడింది.

మొన్న మరమ్మతుకి అవనిగడ్డ వెళ్ళాం. ధనమ్మ గారు స్పెషల్ బ్యాచ్‌లో మూడో బెంచీ మీద కూర్చుని ఉంది. బోర్డు మొత్తం కనపడుతోందట. వంట పని వదల్లేదు. క్లాసు అవగానే పరిగెత్తుకెళ్ళి, మా కోసమని వేడి వేడి గారెలు పట్టుకొచ్చి, మావయ్యగారు వద్దు వద్దంటుంటే పళ్ళెం నింపింది. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారి ఫోను. ఈయన నోటి నిండా గారె ఉంది కాబట్టి నేనే ఎత్తాను.

"భానూ, నిజం చెప్పు. ఎన్ని తిన్నాడు?"

మావయ్యగారు నమలడం ఆపి, కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూశారు.

"రెండేనండి అత్తయ్యగారూ" అన్నాను.

ఏడు. ఆయన మిషను ఆ పూట నా జేబులోనే ఉంది.